మూడో పిల్లర్ లోతు

“దొరకలేదని ఒక్క కాగితం రాసియ్యండి మేడం. అంతకన్న ఎక్కువ అడుగుతలేను.”

రోడ్ల శాఖ డి.ఇ. సుదర్శన్ ఆ మాట అనడం అది మూడోసారి. ఫ్యాను కింద కూర్చుని కూడా రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, పాతికేళ్ల సర్వీసు. పోలీసుల ముందు ఎప్పుడూ కూర్చున్నట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ అఖిల అతని ఫిర్యాదును మళ్లీ మొదటి నుంచి చదివింది. కోరుట్ల దగ్గర వాగు మీద కొత్తగా కట్టిన బ్రిడ్జి తాలూకు ఎం-బుక్ పోయింది. ఎక్కడ ఎంత పని జరిగిందో కొలిచి రాసే పుస్తకం అది. దాన్నిబట్టే కాంట్రాక్టరుకు బిల్లు. ఆ పుస్తకం సుదర్శన్ కింద పనిచేసే ఏ.ఇ. జగదీశ్ దగ్గర ఉండేది. పదమూడు రోజుల కింద, మంగళవారం సాయంత్రం, జగదీశ్ కోరుట్లలో సైటు నుంచి బయలుదేరాడు. మర్నాడు పొద్దున రుద్రంగి దగ్గర ఒక కల్వర్టు కింద, బండి పక్కన చనిపోయి కనిపించాడు. అతని ఇల్లు సిరిసిల్లలో. ఇంటికి పోయే దారి అదే.

చావు కేసు ఆ పక్క సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ప్రేమ్‌కుమార్‌ది. ఇంజనీర్ల ఆఫీసు జగిత్యాలలో ఉంది కాబట్టి పుస్తకం కేసు అఖిల చేతికి వచ్చింది.

“దొరకలేదని నేను రాసిస్తె మీకేం లాభం?” అంది అఖిల.

“లాభమని కాదు మేడం. పోలీసులు రాసిస్తె కొత్త పుస్తకం తెరువొచ్చు. కొలతలు మళ్ల నేనే రాస్త. ఫైనల్ బిల్లు ఆగి ఉన్నది.”

“బ్రిడ్జి పైన ఉన్నదంటె టేపు పట్టి కొలుస్తరు. భూమిల ఉన్న పునాది ఎట్ల కొలుస్తరు?”

“డ్రాయింగుల ఉన్నది కద. అదీగాక తవ్విన్నాడు నేను కండ్లార చూసిన.”

అఖిల ఫైలు తిప్పింది. మొదటి ఎస్టిమేట్ నాలుగు కోట్ల ఇరవై లక్షలు. కాంట్రాక్టర్ సురేశ్ దానికి నూటికి పద్దెనిమిది తక్కువకు టెండర్ వేసి పని పట్టాడు. ఏడాది తిరిగేసరికి రివైజ్డ్ ఎస్టిమేట్ ఐదు కోట్ల అరవై లక్షలు.

“తక్కువకు చేస్త అన్న పని ఎక్కువెట్లయింది సార్?”

సుదర్శన్ కొంచెం తేలికపడ్డాడు. ఇది అతనికి వచ్చిన పాఠం. “లోపల ఏమున్నదో తవ్వినంక గద తెలిసేది. నాలుగు మీటర్లకు రాయి తగుల్తదని ఎస్టిమేట్ వేసినం. మూడో పిల్లర్, నాలుగో పిల్లర్ కాడ తగల్లే. పదకొండు మీటర్లు పోవాల్సి వచ్చింది. గవర్నమెంటుల కాగితం కదిలేదాక వాగు ఆగదు కద. సురేశ్ తన సొంత పైసలు పెట్టి తవ్విండు. మంజూరు మొన్న జూన్‌ల వచ్చింది.”

“రివైజ్డ్ ఎస్టిమేట్ తయారు చేసిందెవరు?”

“జగదీశే. సంతకం చూడండి.”

సంతకం చూసింది. జగదీశ్‌దే. పక్కన తేదీ, పోయినేడు మే.

“తవ్వేటప్పుడు నీళ్లు రాలేదా?”

“వచ్చినయ్. కాలువ ఊట. ఆయిల్ ఇంజన్ గడ్డ మీద పెట్టి రాత్రింబగళ్లు తోడిపిచ్చినం.”

“మంగళవారం జగదీశ్‌ను ఆఖరుకు ఎప్పుడు చూసిండ్రు?”

“నాలుగింటికి సైటు కాడ కలిసినం. ఐదున్నరకు పుస్తకం సంచిల పెట్టుకొని, సిరిసిల్ల పోతున్న సార్ అని పోయిండు. గదే ఆఖరు.”

“తర్వాత ఫోన్ల గూడ మాట్లాడలే?”

“లేదు మేడం.”

అఖిల అదంతా రాసి, చదివి వినిపించి, అతనితో సంతకం పెట్టించింది. “సాయంత్రం నాలుగింటికి రండి. కాగితం సంగతి చూద్దాం” అంది.

అతను మెట్లు దిగే చప్పుడు ఆగాక హెడ్ కానిస్టేబుల్ రాజయ్య లోపలికి వచ్చి జగదీశ్ కాల్ లిస్టు బల్ల మీద పెట్టాడు. రెండు చోట్ల ఎర్ర గీత గీసి ఉంది.

“ఐదు నలభైకి భార్య సుజాతకు చేసిండు మేడం. జగిత్యాల పోయి వస్త, ఆలస్యమైతదని చెప్పిండట. ఐదు యాభై ఎనిమిదికి గీ సుదర్శన్ సారే గాయనకు చేసిండు. నిమిషం నలభై సెకండ్లు.”

“గిప్పుడే మాట్లాడలేదని సంతకం పెట్టిపోయిండు రాజన్నా.”

“పట్టుకుందమా?”

“నాలుగింటికి ఆయనే వస్తడు. కాగితం కావాలె కద.”

కోరుట్ల నుంచి జగిత్యాల ఒక దిక్కు, సిరిసిల్ల ఇంకో దిక్కు. జగిత్యాల పోతున్నానన్న మనిషి సిరిసిల్ల దారిలో ఎందుకు చచ్చిపోయాడన్నది ఒక ప్రశ్న. అంతకన్నా ముందు, భూమిలో ఉన్న పదకొండు మీటర్లను తవ్వకుండా కొలిచేదెట్లా అన్నది ఇంకో ప్రశ్న. అఖిల తల్లి సత్యవ్వ ఇరవై ఏళ్లు కాంక్రీటు తట్టలు మోసింది. పిల్లర్ ఎంత లోతుకు పోయిందో ఇంజనీరు కన్నా ముందు కూలోళ్లకు తెలుస్తుందని ఆమె అనేది. ఆ కూలీలంతా ఒడిశా నుంచి వచ్చి, పని కాగానే పోయారు. వాళ్లు కాక ఆ గుంత దగ్గర ఇంకా ఎవరుంటారని అఖిల రెండు రోజులు ఆలోచించింది. నీళ్లు తోడినవాడు ఉంటాడు.

*

జానీమియా పన్నెండు గంటలకే వచ్చి వాగు గడ్డ మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ల మనిషి. కోరుట్లలో ఆయిల్ ఇంజన్లు కిరాయికి ఇస్తాడు. వాగు ఎర్రగా పారుతోంది. పైన రాత్రి నుంచి వాన.

“గిది పోయినేడు గిట్ల లేదు మేడం. పోయినేడు వాగే పారలే” అన్నాడు.

“పోయినేడు మే నెలల మీ ఇంజన్లు ఎన్ని నడిచినయ్ చాచా?”

“ఒక్కటే. పద్దెనిమిది దినాలు. కిరాయి పంచాయతి లేదు, ఇచ్చిండు.”

“ఎక్కడ పెట్టినవు?”

జానీమియా లేచి పది అడుగులు నడిచి, చదునుగా ఉన్న ఒక బండను కాలితో చూపించాడు. ఏడాది దాటినా దాని మీద నల్ల ఆయిల్ మరక అట్లాగే ఉంది. “గీన్నే. మొదటి దినం సంది ఆఖరు దినం దాక జరపలే.”

“గుంతలకు దించలేదా?”

“దించుతె పొగకు లోపట ఉన్న మనిషి సత్తడు. దించొద్దని నేనే చెప్పిన.”

“మరి పైపు ఎంత పొడుగు వేసినవు?”

“గుంజే పైపు ఇరవై ఫీట్లు. గంతే ఉంటది.”

“పొడుగు పైపు వేస్తె?”

జానీమియా ఆమెను జాలిగా చూశాడు. “ఎంత పొడుగు ఏసినా అంతే బిడ్డా. గడ్డ మీద ఉన్న ఇంజను ఇరవై, మస్తు అంటె ఇరవై రెండు ఫీట్ల లోతుకెల్లి నీళ్లు గుంజుతది. గంతకు ఒక్క ఫీటు కిందికి పోయినా సుక్క రాదు. యాభై వేల ఇంజన్ పెట్టు, ఐదు లక్షల ఇంజన్ పెట్టు, గదే కథ.”

పదకొండు మీటర్లంటే ముప్పై ఆరు అడుగులు.

“ముప్పై ఆరు ఫీట్లు తవ్విన్రంటున్నరు చాచా.”

“ఎవలు?”

“ఇంజనీరు సారు.”

“గట్లయితె గా సారే దిగి చెంబుతోని ఎత్తిపోసి ఉంటడు.” అతను నవ్వలేదు. “నేను పద్దెనిమిది దినాలు గీన్నే పన్నుకున్న. గుంత నా కండ్ల ముందర ఉండె. పదమూడు ఫీట్లు, పద్నాలుగు ఫీట్లు. నిచ్చెన ఒక్కటే ఏసిండ్రు.”

“లోపల మునిగే కరెంటు మోటరు ఇంకోటి తెచ్చిండ్రేమో?”

“కరెంటు యాడున్నది?” చుట్టూ చేయి తిప్పి చూపించాడు. వాగుకు రెండు వైపులా ఒక్క స్తంభం లేదు.

అఖిల అతను చెప్పింది రాసుకుంది. వేలిముద్ర కాదు, సంతకమే పెడతానన్నాడు కాబట్టి సంతకం తీసుకుంది. బండ మీద మరకను, అక్కడి నుంచి మూడో పిల్లరు దాకా దూరాన్ని ఫోటో తీసింది. బ్రిడ్జి మీద నుంచి ఒక బస్సు, దాని వెనక రెండు ఆటోలు పోయాయి. వాగు నీళ్లు పిల్లర్లకు నడుము దాకా ఉన్నాయి.

జీపు ఆగిన చప్పుడయింది. ప్రేమ్‌కుమార్ దిగాడు. అతని వెనక తెల్ల కారులో కాంట్రాక్టర్ సురేశ్ ఉన్నాడు, దిగలేదు.

“అఖిల గారూ, మీ కేసు పోయిన పుస్తకం. పునాదులు, ఇంజన్లు మీకెందుకు?”

“పుస్తకంల రాసేది వాటి గురించే కద.”

“నా కేసుల తలకాయ పెడుతున్నరని చెప్తున్న.” ప్రేమ్‌కుమార్ గొంతు పెంచలేదు. సర్వీసులో ఆమెకన్నా ఆరేళ్లు పెద్ద. చేసిన ప్రతి పనీ కాగితం మీద ఉంటుందని పేరున్నవాడు. “జగదీశ్ తాగి ఉన్నడు. పోస్టుమార్టంల ఉన్నది. మలుపుల బండి జారింది. ఏడున్నర, ఎనిమిది నడుమ చనిపోయిండు. ఇల్లు అటే, తొవ్వ అదే. ఇందుల ఏం మిగిలింది?”

“మీ పంచనామా కాపీ మీ దగ్గర ఉన్నదా?”

“ఉన్నది.”

“తొమ్మిదో లైను చదువుండ్రి.”

ప్రేమ్‌కుమార్ ఆమె ముఖం చూసి, జీపులోంచి ఫైలు తీశాడు. చదవడం మొదలుపెట్టాడు. “మృతుని ప్యాంటు కుడి జేబులో పర్సు ఒకటి, రుమాలు ఒకటి, బండి తాళంచెవి…”

ఆగిపోయాడు.

“బండి జారినప్పుడు చెవి బండికి ఉండాలె. జేబుల ఎందుకున్నది?” అంది అఖిల.

“రెండో చెవి ఉండొచ్చు.”

“రెండోది సిరిసిల్లల సుజాత దగ్గర ఉన్నది. నిన్న పోయి చూసిన. మీ ఫోటోల బండి చూడండి.”

అతను ఫోటోలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. మూడో ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. బండి పక్కకు పడి ఉంది. తాళం పెట్టే చోట ఏమీ లేదు.

“మా కానిస్టేబుల్ తీసి జేబుల పెట్టిండేమో అడుగుత” అన్నాడు చివరికి. ఆ మాట తనకే సరిగా వినిపించలేదన్నట్టు వెంటనే తల అడ్డంగా ఊపాడు. “లేదు. పంచనామా నేనే రాసిన. జేబుల చెయ్యి పెట్టి తీసింది నేనే.”

“బండిని గాయన నడుపుకుంట రాలే ప్రేమ్‌కుమార్ గారూ. ఎక్కడనో ఆపి, చెవి జేబుల వేసుకున్నడు. తర్వాత గాయనను, బండిని ఎవరో ఎత్తుకొచ్చి గక్కడ పడేసిండ్రు.”

ప్రేమ్‌కుమార్ ఫైలు మూశాడు. ఓడిపోయిన మనిషిలా లేడు. “సరే, చంపిండ్రనే అనుకుందాం. కాని మీ ఏ.ఇ.ని దేవుణ్ని చెయ్యకండి. గిప్పుడు గీ పెద్దమనిషి ఏం చెప్పిండు మీకు? పద్నాలుగు ఫీట్లే తవ్విండ్రని. అంటె పదకొండు మీటర్లన్నది దొంగ లెక్క. ఆ దొంగ లెక్క రాసి సంతకం పెట్టింది ఎవరు? జగదీశ్. వాటాలు కుదరక ఒకనికొకడు కొట్టుకున్నరు. నీతిగల్ల మనిషయితె పదకొండని ఎందుకు రాసిండు చెప్పండి.”

అఖిల మూడో పిల్లరు వైపు చూసింది.

“తెల్వది” అంది.

అతను ఇంకేదో అనబోయి, ఆమె అట్లా ఒప్పుకోవడంతో ఆగాడు. వెనక్కి తిరిగి తెల్ల కారు వైపు చూశాడు. సురేశ్ కారు వెనక్కి తిప్పుకుంటున్నాడు. “సురేశ్ గారూ!” అని పిలిచాడు ప్రేమ్‌కుమార్. “మీరు పోవద్దు. ఆ మంగళవారం మీ టిప్పర్లు ఎక్కడెక్కడ తిరిగినయో నాకు రాసియ్యాలె. గిక్కడనే కూసోని రాయండి.”

*

రెండున్నరకు రాజయ్య ఫోన్ చేశాడు. జగదీశ్ బ్యాంకు వివరాలు వచ్చాయి. మంగళవారం ఐదు యాభై రెండుకు పెట్రోలు పోయించుకుని ఫోనుతోనే రెండు వందలు కట్టాడు. ఆ బంకు కోరుట్ల దాటాక జగిత్యాల రోడ్డు మీద ఉంది.

అంటే భార్యతో చెప్పినట్టే జగిత్యాల బయలుదేరాడు. ఆరు నిమిషాల తర్వాత సుదర్శన్ ఫోన్ వచ్చింది. ఆ తర్వాత వెనక్కి తిరిగాడు.

అఖిల బంకుకు పోయి అడిగింది. కెమెరా ఉంది కాని వారం రోజుల బొమ్మలే ఉంటాయన్నారు. పోయించినవాడికి గుర్తులేదు. అఖిల బయటికి వచ్చింది. బంకు గోడకు ఆనుకుని రేకుల కింద ఒక చాయ్ హోటల్. బల్ల మీద గ్లాసులు బోర్లిస్తున్న పెద్దామె పేరు సర్వర్ బీ. అఖిల ఫోన్‌లో జగదీశ్ ఫోటో చూపించింది.

“బ్రిడ్జి సారు!” అంది సర్వర్ బీ. “అటు పోయినా ఇటు పోయినా గీన్నే ఆగుతడు. చక్కెర తక్కువ. ఏడీ? మస్తు దినాలాయె, కనపడ్తలేడు.”

“ఆఖరుకు వచ్చిన్నాడు ఏమయింది అమ్మా? యాదికున్నదా?”

“ఉన్నది. మంగళారం. సాయంత్రం అస్సర్ నమాజ్ అయినంక శానా సేపటికి. గా దినం మనిషి మంచిగ లేడు. చాయ్ సగమే తాగిండు. ఫోనొచ్చింది. లేచి గా చెట్టు దాక పోయి మాట్లాడి వచ్చిండు. ‘సారు వెనుకకు రమ్మంటుండు అమ్మా, మాట్లాడుదాం అంటుండు’ అన్నడు. పోవుడు ఇష్టం లేనట్టు నిలబడ్డడు. మళ్ల భుజానికున్న సంచి తీసి నా చేతుల పెట్టిండు. ‘గిది నా దగ్గర ఉండుడు మంచిది గాదు. గంటల వస్త, జర పెట్టు’ అన్నడు.”

అఖిల కూర్చున్నదల్లా లేచింది. “ఆ సంచి?”

“లోపట ఉన్నది. నేనెందుకు ఇప్పుత? రేపస్తడు, ఎల్లుండస్తడు అని చూస్తున్న.” సర్వర్ బీ ఆమె యూనిఫాంను ఇప్పుడే చూసినట్టు చూసింది. “పోలీసోళ్లు ఎందుకు అడుగుతుండ్రు? ఏం జేసిండు సారు?”

చెప్పక తప్పలేదు. సర్వర్ బీ గ్లాసు కింద పెట్టి, బల్ల మీద మెల్లగా కూర్చుంది.  “యా అల్లా” అంది. “సగం తాగిన చాయ్‌కి గూడ పైసలిచ్చి పోయిండు.” కొంగుతో ముఖం ఒత్తుకుని లోపలికి పోయి, పిండి డబ్బాల వెనక నుంచి సంచి తెచ్చి ఇచ్చింది.

సంచిలో టేపు, టిఫిన్ డబ్బా, పాలిథిన్ కవరులో చుట్టిన ఎం-బుక్. అఖిల దాన్ని బల్ల మీద పెట్టి ముప్పై నాలుగో పేజీ తెరిచింది. పునాదుల కొలతలు. చక్కటి అక్షరాలు. అంకెలన్నీ గడుల్లో ఉన్నాయి. వాటి కింద తెలుగులో రాసి ఉంది.

పిల్లర్ 3, తవ్విన లోతు 4.10 మీటర్లు. పిల్లర్ 4, తవ్విన లోతు 4.25 మీటర్లు. రెండింటిలోనూ రాయి తగలలేదు. ఇసుక, ఊట. ఇనుప కడ్డీ దింపి చూడగా రాయి సుమారు 11 మీటర్ల దగ్గర ఉన్నది. కాంక్రీటు పోయరాదు. రివైజ్డ్ ఎస్టిమేట్ పంపుచున్నాను.

పోయినేడు మే పద్నాలుగు.

తర్వాతి పేజీ, మే ముప్పై. నేను తండ్రిగారి ఆపరేషన్ కొరకు సెలవులో ఉండగా అదే లోతులో కాంక్రీటు పోసి మూసినారు. డి.ఇ. గారికి తెలియజేసినాను.

అఖిల అక్కడే ఆగింది. పొద్దుట నుంచి ఆమె, ప్రేమ్‌కుమార్, ఆఖరికి జానీమియా కూడా ఒకే తప్పు చేశారు. పదకొండు మీటర్లు దొంగ లెక్క అనుకున్నారు. అది దొంగ లెక్క కాదు. రాయి నిజంగానే అంత లోతున ఉంది. జగదీశ్ నిజమే రాశాడు. అబద్ధం ఎస్టిమేట్‌లో లేదు, పిల్లర్ల కింద ఉంది. పదకొండు మీటర్లకు డబ్బు మంజూరు చేయించుకుని, నాలుగు దగ్గరే ఇసుక మీద నిలబెట్టి, పైన బ్రిడ్జి వేశారు. ఈ పుస్తకం ఉన్నంత కాలం బిల్లు రాదు. పోయిందని పోలీసులు రాసిస్తే వస్తుంది.

ఆఖరి రాత ఆ మంగళవారంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. బండి మీద పెట్టుకుని రాసినట్టున్నాడు.

మొన్న ఆదివారం బ్రిడ్జి తెరిచినారు. తెరవరని అనుకొని సంవత్సరం నోరు మూసుకొన్నాను. అది నా తప్పు. పోయినేడు వాగు పారలేదు కనుక నిలిచినది. వాగు నిండుగా పారిన రోజున అడుగు ఇసుక కొట్టుకొని పోయి ఈ రెండు పిల్లర్లు దిగును. దీని మీద బండ్లు పోనీయరాదు. ఈ సంగతి పై ఆఫీసరుకు చెప్పుటకు జగిత్యాల పోవుచున్నాను.

అఖిలకు మధ్యాహ్నం చూసిన ఎర్రటి నీళ్లు, వాటి మీద నుంచి పోయిన బస్సు గుర్తొచ్చాయి. ప్రేమ్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

“ఇంకా వాగు దగ్గరనే ఉన్నరా? నీళ్లు ఎంత ఉన్నయ్?”

“పెరిగినయ్. ఎందుకు?”

“బ్రిడ్జి మూయండి. ఒక్క బండి పోవద్దు.”

“ఆర్డరు ఎవరిచ్చిండ్రు?”

“ఎవ్వరియ్యలే. పుస్తకం దొరికింది. మూడో పిల్లర్ కింద రాయి లేదు, ఇసుక మీద ఉన్నది.” ఆమె పుస్తకాన్ని మళ్లీ కవరులో చుట్టింది. “మీరు నన్ను నమ్మకపోయినా సరే. తప్పయితె నేను మూయమన్న అని రాసుకోండి.”

 అవతల ప్రేమ్‌కుమార్ ఎవరినో గట్టిగా పిలవడం, జీపు స్టార్టయిన చప్పుడు వినిపించాయి.

రెండో ఫోన్ రాజయ్యకు.

“సుదర్శన్ వచ్చిండా?”

“ముందే వచ్చి కూసున్నడు మేడం. కాగితం అయిందా అంటుండు.”

“కాగితం లేదని చెప్పు. పుస్తకం దొరికిందని చెప్పు. ఫోన్ తీసుకో, చాయ్ ఇయ్యి, బయటికి పోనియ్యకు.”

*

అఖిల వాగు చేరేసరికి నాలుగు దాటి పది నిమిషాలు. ప్రేమ్‌కుమార్ జీపు బ్రిడ్జి మొదట్లో అడ్డంగా నిలబడి ఉంది. అవతలి ఒడ్డున ఇద్దరు కానిస్టేబుళ్లు ముళ్లకంప లాగి పడేశారు. ఇవతల ఒక బస్సు, నాలుగు ఆటోలు, పదిహేను బండ్లు. బస్సు డ్రైవరు ప్రేమ్‌కుమార్ ముందు నిలబడి చేతులు తిప్పుతున్నాడు.

“మంచిగున్న బ్రిడ్జి సార్! పొద్దుగాల రెండు సార్లు పోయిన. చుట్టు తిరిగి పోతె గంట!”

“గంట పోతె పోనీ” అంటున్నాడు ప్రేమ్‌కుమార్.

అఖిల పుస్తకం తెరిచి అతనికి ఇచ్చింది. అతను నిలబడే చదివాడు. ఆఖరి పేజీ రెండుసార్లు చదివాడు. తిరిగి ఇచ్చాడు.

నాలుగు నలభైకి పెద్ద చప్పుడేమీ కాలేదు. రాయి మీద రాయి రాసుకున్నట్టు ఒక చిన్న మూలుగు వినిపించింది. బస్సు డ్రైవరు మాట ఆపాడు. మూడో పిల్లరు మీద రోడ్డు ఒక జానెడు దిగింది. కాసేపు అట్లాగే ఆగింది. తర్వాత మళ్లీ, ఎవరో మెల్లగా కూర్చున్నట్టు, మనిషి మోకాలంత లోతుకు దిగి ఒక పక్కకు వంగింది. రెయిలింగు విరిగి నీళ్లలో పడింది.

 బస్సులోంచి దిగిన ఒకామె చంకలో పిల్లను గట్టిగా పట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది. డ్రైవరు ప్రేమ్‌కుమార్‌కు చేతులెత్తి మొక్కి, బస్సును వెనక్కి తీయడానికి పోయాడు.

“బస్సుల యాభై ఇద్దరున్నరు” అన్నాడు ప్రేమ్‌కుమార్. “లెక్కపెట్టిన.” కొంతసేపయ్యాక అన్నాడు, “పదకొండు ఎందుకు రాసిండని అడిగిన కద మిమ్మల్ని.”

“అడిగిండ్రు.”

“పంచనామా నేను తిరగరాస్త. హత్య కేసు కింద.”

తెల్ల కారు దగ్గర సురేశ్ రెండు చేతులూ బానెట్ మీద పెట్టి నిలబడి ఉన్నాడు. పక్కన కానిస్టేబుల్ ఉన్నాడు. ప్రేమ్‌కుమార్ అటు నడవబోతుండగా అఖిల ఫోన్ మోగింది. రాజయ్య.

“మేడం, పిల్లర్ దిగిందని చెప్పంగనే గీ సారు ఏడుస్తుండు. ‘నేను పిలిచిన మాట నిజమే, మాట్లాడుదమని పిలిచిన, సురేశ్ మనుషులు మందు తాగిపిచ్చి గట్ల చేస్తరని నాకు తెల్వది’ అంటుండు. అన్నీ రాసుకుంటున్న. అయితె…” రాజయ్య గొంతు తగ్గించాడు. “ఇంకో మాట చెప్పిండు. గీ సురేశ్‌దే ఇంకో బ్రిడ్జి ఉన్నదట. రుద్రంగి దాటినంక, వేములవాడ తొవ్వల. గదే డ్రాయింగు, గదే నాలుగు మీటర్లు. గా బిల్లు పోయినేడే అయిపోయిందట.”

అఖిల ఫోన్ స్పీకరులో పెట్టింది. ప్రేమ్‌కుమార్ రెండు అడుగులు వెనక్కి వచ్చాడు.

“బిల్లు అయిందంటె తెరిచే ఉంటది కద రాజన్నా. బండ్లు పోతున్నయా దాని మీద?”

“పోతున్నయ్ మేడం. గివ్వాళ సోమవారం. వేములవాడ గుడికి పోయినోళ్లందరు గిప్పుడే తిరిగొస్తరు.”

ప్రేమ్‌కుమార్ వాగు పైవైపు ఆకాశం చూశాడు. రుద్రంగి దిక్కున మబ్బు నల్లగా ఉంది.

“గది నా ఏరియా” అన్నాడు. “అడ్డతొవ్వ నాకు ఎర్కే. ఎక్కండి.”

జీపు వెనక్కి తిరిగింది. అఖిల ఆ రెండో బ్రిడ్జి దగ్గరి పోలీసు అవుట్‌పోస్టు నంబరు వెతికి కలిపింది. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపింది.

పక్కన ప్రేమ్‌కుమార్ లైట్లు వేసి, సైరన్ మోగించాడు.

నాలుగోసారి ఎవరో ఎత్తారు. ఆడ గొంతు, వెనక వాన చప్పుడు. “సారోళ్లు ఎవ్వరు లేరమ్మా. బస్సు ఆగిపోయిందంటె నూకుదమని అందరు బ్రిడ్జి మీదికే పోయిండ్రు.”